ఆమె గీయాల్సిన కళ్లు

మా అన్న చెప్పిన మాట ఆ రోజు నేను వినలేదు. విన్నట్టు తల ఊపాను, అంతే. చేతిలో ఫోనుంది. టోక్యోలో ఏ స్టేషన్‌లో దిగాలో, ఏ గేటు దగ్గర క్యూ కట్టాలో ఎవరో పెట్టిన వీడియో చూస్తున్నాను. పైగా కోపంగా ఉన్నాను. నాకు వీసా వచ్చింది, వాడికి రాలేదు.

వాడు మా పెద్దమ్మ కొడుకు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో రాతి విగ్రహాలు చెక్కుతాడు. నేను హైదరాబాద్‌లో పెరిగాను. నాన్నకు నంద్యాల బదిలీ అయితే ల్యాప్‌టాప్ పట్టుకుని నేనూ వచ్చాను. ఇక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆదివారం వస్తే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, సగం చెక్కిన నందుల మధ్య, ఎవరి సమాధికో చేయించుకున్న శిలువ పక్కన కూర్చునేదాన్ని. అలా ఒక ఆదివారం నా ఫోన్లో ఉన్న జపాన్ కామిక్ వాడికి చూపించాను. పడవలో మనుషుల్ని నది దాటించే పిల్ల కథ. వాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను చదివి చెప్పేదాన్ని. వాడు బొమ్మల్ని వేళ్లతో పెద్దవి చేసుకుని చూసేవాడు.

"ఈ పిల్ల కండ్లు చూడు మే. రెండే గీతలు. మా నాయనకు తొమ్మిది గీతలు పడేవి."

"కార్టూన్ కదా అన్నా, ఈజీయే."

"నువ్వు గీయి చూద్దాం."

గీశాను. కప్ప కళ్లలా వచ్చాయి. నెల రోజులు నన్ను కప్పా అనే పిలిచాడు.

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతుంది. విగ్రహం ఎవరు చెక్కినా కళ్ల దగ్గర ఆపేయాలి. పెద్దవాళ్లు వచ్చి జాజుతో, అంటే ఎర్రమట్టి ముక్కతో, గీత గీస్తారు. మొదటిసారి ఆ గీత మీద ఉలి పెట్టిన రోజునే మనిషి శిల్పి అయినట్టు. మా పెద్దనాయన వాడికి ఆ గీత గీయకుండానే పోయాడు. అప్పట్నించీ అన్న ఒళ్లంతా చెక్కి, కళ్లకు మాత్రం పక్క షెడ్డు తాతను పిలుస్తున్నాడు. ఆ తాతనే తనకూ ఒక గీత గీయమని అడగొచ్చు కదా అంటే ఒప్పుకోడు.

"నాకు గీత నేర్పింది ఇద్దరే. మా నాయన, ఆ పడవ పిల్ల బొమ్మలేసే ఆయమ్మ. నాయన లేడు. ఆయమ్మ ఉంది."

అలా మొదలైంది టోక్యో ప్రయాణం. ఆ కామిక్ అభిమానులంతా ఏటా అక్కడ కలుస్తారు. ఈసారి ఆవిడే స్వయంగా వచ్చి సంతకాలు పెడతారనీ, ముసలితనం వల్ల ఇక మీదట జనంలోకి రారనీ ప్రకటించారు. అన్న జానెడు ఎత్తున ఆ పడవ పిల్లను చెక్కాడు. కళ్లు చెక్కలేదు. ఆవిడ చేత ఆ రాయి మీదే గీయించుకుని, ఇంటికి తెచ్చి, ఆ గీత మీద తన మొదటి ఉలి దెబ్బ వేయాలని వాడి ఆశ. అది నాకు పూర్తిగా అర్థమైంది తర్వాతే.

వీసా రాకపోయేసరికి ఆ పని నా మీద పడింది. బయల్దేరే ముందు షెడ్డుకు వెళ్లాను. గుడి ఆర్డరుందని వాడు అప్లికేషన్ ఆలస్యంగా పెట్టాడనీ, అందుకే రాలేదనీ నా కోపం. వాడు విగ్రహాన్ని పాత పంచెలో చుడుతూ చెప్తున్నాడు.

"మొగం ముట్టుకోవద్దు. ఆయమ్మ గీయాల. నువ్వు ఆమె ముందర నిలబడినాక నాకు వీడియో కాల్ చెయ్. గీత యాడినుంచి మొదలుబెట్టాల్నో నేను చూపిస్తా. ఇంటాండావా?"

"ఆఁ, సరే సరే."

"ఏం సరే? ఏం చెప్తి, చెప్పు?"

"అబ్బా, ఇవ్వాలి, ఫోన్ చేయాలి. అంతేగా. ఫ్లైట్ మిస్సవుతాను అన్నా!"

ఇవ్వాలి అన్నాను. అక్కడే పొరబడ్డాను నేను. ఆవిడకు కానుక అనుకున్నాను. కళ్ల సంగతి నా చెవిలో పడిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ హాలు మా నంద్యాల బస్టాండు లాంటివి పది పట్టేంత ఉంది. అంతా ఆ కామిక్‌లో మనుషుల్లాగే వేషాలు కట్టుకుని వచ్చారు. క్యూలో నా ముందు నలుగురు పడవ పిల్లలు. నేను పంచె విప్పి విగ్రహాన్ని చేతుల్లోకి తీసుకోగానే చుట్టూ మూగారు. ఫోటోలు తీశారు. నాకు ఒళ్లు గర్వంతో పొంగింది. వెనకాల ఉన్న అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, "అయ్యో, పూర్తి కాలేదా? కళ్లు లేవే?"

ఇంకెవరో నవ్వారు. దేనికి నవ్వారో తెలియదు, కానీ నా ముఖం మండిపోయింది. వీసాకూ ఆలస్యమే, దీనికీ ఆలస్యమే, ఇంత దూరం నన్ను గుడ్డి బొమ్మతో పంపాడు అనుకున్నాను. సంతకం కోసం తెచ్చిన నల్ల మార్కరు జేబులో ఉంది. ఫోన్లో ఆ పిల్ల బొమ్మ పెద్దది చేసి పెట్టుకుని, చూసి, రెండు గీతలు గీశాను. సాన పట్టని రాయి, ఇంకు చప్పున పీల్చుకుంది. కప్ప కళ్లు కాలేదు. బాగానే వచ్చాయి. ఫోటో తీసి అన్ని చోట్లా పెట్టాను.

ఆవిడ విగ్రహాన్ని రెండు చేతులా అందుకుంది. వెనక్కి తిప్పి జడ చూసింది. తెడ్డు పట్టిన వేళ్లను ఒక్కొక్కటే తడిమింది. అంతసేపు ఎవరి దగ్గరా ఆగలేదు. తర్వాత ముఖం చూసింది. పక్కనున్న దుబాసీతో ఏదో అంది.

"చెక్కినవారూ కళ్లు పెట్టినవారూ వేరా అని అడుగుతున్నారు."

"కళ్లు నేనే," అన్నాను, నవ్వుతూ.

ఆవిడ తల వంచింది. పీఠం కింద సంతకం చేసి నాకు తిరిగి ఇచ్చింది. ఆవిడకే అని సైగ చేశాను. ఇంకోసారి తల వంచి, మళ్లీ నా చేతుల్లోనే పెట్టింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ కళ్ల సంగతి ఆమెకు ఎవరో చెప్పినట్టే అనిపిస్తుంది నాకు.

పక్కకు వచ్చి ఫోన్ తీశాను. అంతకుముందు హాలు వీడియో తీస్తూ సైలెంట్‌లో పెట్టి, వాడికి కాల్ చేయాలన్న సంగతే మరిచిపోయాను. అన్న చాలాసార్లు చేశాడు. ఒక వాయిస్ మెసేజ్ ఉంది. ఫోటో పెట్టకముందు పంపింది.

"ఇంగా ఆమె కాడికి పోలేదు కదా? బేగా ఫోన్ చెయ్ మే. జాజు ముక్క ఆ పంచె కొనకు కట్టినా, చూసుకో. ఆమె దాంతోనే గీయాల."

పంచె విప్పి చూశాను. ముడి ఉంది.

క్యూ దగ్గరికి పరిగెత్తాను. తాడు కట్టేశారు. మార్కరు చూపించాను, విగ్రహం చూపించాను, అరిచాను, ఏడ్చాను. ఒక వాలంటీరు చాలా మర్యాదగా చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"ఫోటో చూసినా," అన్నాడు.

"అన్నా, నాకు తెలీదు అన్నా..."

"చెప్పినా కదా."

షెడ్డులో రాయి కోసే మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"తిన్నావా?" అని అడిగి పెట్టేశాడు.

తిరిగొచ్చాక విగ్రహం తీసుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. తిడతాడనుకున్నాను. తిడితే నేనూ ఎదురు తిట్టి, ఏడ్చి, ఎలాగో సర్దుకునేవాళ్లం. వాడు తిట్టలేదు. విగ్రహాన్ని తీసుకుని అల్మరాలో పెట్టాడు. రెండు ఆదివారాల తర్వాత అడిగితే ఇంకు పోయిందన్నాడు.

"థిన్నర్ ఏసి తుడిస్తే పాయ."

"మరి ఆవిడకు ఒక ఉత్తరం రాద్దాం అన్నా. కాగితం మీద గీసి పంపమందాం."

"కాగితానికి ఉలి పెడ్తారా?" అన్నాడు. "పోనీలే మే. ఆయమ్మకు ఎంతమందో."

మొన్న వెళ్లినప్పుడు మహానంది వైపు ఊరి గుడికి చేసిన అమ్మవారు షెడ్డులో నిలబడి ఉంది. ఆరు నెలల పని. పక్క షెడ్డు తాత జాజు ముక్కతో లోపలికి వెళ్లాడు. అన్న బయటికొచ్చి రాతి దిమ్మ మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. లోపల ఉలి మొదలైంది. దెబ్బ దెబ్బకూ వాడి బొటనవేలు చూపుడువేలు మీద చిన్నగా కదులుతోంది. నేను చూస్తున్నానని గమనించి చేతులు కట్టుకున్నాడు.

"అన్నా," అన్నాను.

"ఐదింటి బస్సు పోతే మళ్లా ఆలిస్యమైతాది. పో ఇంగ."

లోపలినుంచి తాత కేక వేశాడు, "రాప్పా, అమ్మ కండ్లు తెరిచింది, చూసుకో!"

వాడు లేచి, చొక్కాకు అంటిన రాతిపొడి దులుపుకుని, చేతులు జోడించుకుంటూ లోపలికి వెళ్లాడు. నన్ను రమ్మనలేదు.