బంతిపూల దండ కింద గోంగూర మిషన్

దినపత్రిక డెస్కులో కొన్నేళ్లు ఇతరుల వార్తలు కత్తిరించాక, అంతర్జాతీయ వ్యాపారం చదువుకుని ఆ పాఠం చెప్పే ఉద్యోగంలో పడ్డాను. కొత్త ఆలోచన ఎవరిది, దాని మీద హక్కు ఎవరికి, అది దేశాలు దాటితే ఏమవుతుంది అన్నది నా విషయం. దాని గురించి చాలా దేశాల్లో మైకు పట్టుకున్నాను. మావాళ్లకు మాత్రం నేనేం చేస్తానో ఇప్పటికీ అంతుబట్టలేదు. "అక్క కాపీ కేసులు చూస్తుంది" అని మా పిన్ని కొడుకు అందరికీ చెబుతుంటాడు. దాంతో నన్ను పరీక్షల స్క్వాడ్ అనుకుని, డిగ్రీ చదివే పిల్లలున్న బంధువులు పెళ్లిళ్లలో కాస్త ఎక్కువగానే మర్యాద చేసేవారు.

ఈ తమ్ముడికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉంది. అక్కడో పద్ధతి ఉంది. ఒకరు కొత్తదేదైనా చేస్తే పక్క షెడ్డాయన టీకి వస్తాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు కొలతలన్నీ కళ్లతోనే తీసుకుంటాడు. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు, రేపు వీళ్లూ అటు టీకి వెళ్లేవాళ్లే కదా. దీనికి నేను పెద్ద పెద్ద మాటలు తగిలించి వ్యాసాలు రాసి, ప్రమోషను కూడా తెచ్చుకున్నాను.

తమ్ముడికి మాత్రం ఆ టీ చేదుగా తగిలింది. ఎండుమిర్చికి ముచ్చికలు తీసే మిషన్ వాడే చేశాడు. మరుసటి సీజనుకు అదే మిషన్ పక్కాయన పేరుతో, ఆకుపచ్చ రంగుతో గుంటూరు దాకా వెళ్లింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక రైతు వీడి షెడ్డుకొచ్చి "ఏమయ్యా, నువ్వు కూడా ఆయన మోడలే దించావా?" అనేశాడు. ఆ మాట వాడికి చాలాకాలం అరగలేదు.

అందుకే ఈసారి గోంగూర దూసే మిషన్ తయారు కాగానే నాకు ఫోన్ చేశాడు. కట్ట ఇటు పెడితే పుల్ల అటు పోతుంది, ఆకు చిరగకుండా కింద పడుతుంది. లోపల రెండు రబ్బరు రోలర్లున్నాయి. కిటుకంతా వాటి పళ్లలోనే ఉంది.

"అక్కా, ఇది నాదేనని కాగితం కావాలి. ఆయన నా టీ తాగి నన్నే కాపీగాణ్ణి చేశాడు."

"కాగితం వస్తుంది గానీ, దరఖాస్తు పడేదాకా లోపల ఏముందో బయటివాళ్లకు తెలియకూడదు. ముందే తెలిసిపోతే అది కొత్తది కాదంటారు."

"మా ఆవిడకి కూడా చెప్పను."

ఆవిడకి చెప్పలేదు. ఆవిడ తమ్ముడికి చెప్పాడు.

దరఖాస్తు సిద్ధమవుతుండగా నేను షెడ్డుకి వెళ్లాను. ఆటోనగర్ గేటు దగ్గరే ఆటో ఆపించాను. కరెంటు స్తంభాల మధ్య లారీ అంత ఫ్లెక్సీ. "గోంగూర యంత్ర సృష్టికర్త మా బావగారికి హృదయపూర్వక శుభాకాంక్షలు." దాని ముందు స్టూలేసుకుని పక్క షెడ్డాయన నిలబడి ఉన్నాడు. ఫోన్ పైకెత్తి, ఫొటోని వేళ్లతో సాగదీసి చూస్తున్నాడు.

షెడ్డులోకి వెళ్లేసరికి తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడు. బావమరిది మాత్రం నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రండి వదినగారూ! చూశారా, ఎట్టా వచ్చింది?"

"ఎవరికీ చూపించొద్దన్నాను కదయ్యా!"

"మిషన్ని లోపలే ఉంచామండీ. బయట పెట్టింది ఫొటోనే కదా."

"ఫొటో ఎప్పుడు తీశారు?"

"పూజ రోజు. ఇంట్లోవాళ్లమే ఉన్నాం. స్విచ్ వేద్దామంటే కరెంటు కూడా లేదు."

హైదరాబాద్‌లో మా పేటెంట్ ఏజెంటుకు ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు. తమ్ముడు వినాలని స్పీకర్లో పెట్టాను.

"మేడమ్, ఇందులో మిషన్ ఎక్కడుందండీ?"

అప్పుడు నేనూ సరిగ్గా చూశాను. నడిమధ్య దండం పెడుతూ బావమరిది. ఆయన చుట్టూ వార్డు నాయకులు, మిత్రబృందం, ఇద్దరు మేనమామలు, చల్లపల్లి నుంచి ఒక షామియానా ఓనరు. సృష్టికర్త అయిన మా తమ్ముడు ఒక మూల ఆధార్ కార్డు ఫొటోలో బిక్కుబిక్కుమంటున్నాడు.

"ఎడమవైపు కింద చూడండి. గుమ్మడికాయ పక్కన," అన్నాను.

"ఆ పసుపుపచ్చ కుప్పా? పెద్దది చేసి చూశాను. అంతా బంతిపూలే కనపడుతున్నాయి. ముందువైపు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. రోలర్లు ఎక్కడున్నాయండీ?"

"దండ వెనకాల."

ఆయన నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. "ఈ బొమ్మ చూసి మిషన్ చేయడం ఎవరి వల్లా కాదండీ. కాకపోతే ఆ బావమరిది గారి బుర్రకి ఇంకో ఆలోచన రాకముందే దరఖాస్తు వేసేద్దాం."

తమ్ముడు లేచి వెళ్లి బావమరిదిని కౌగిలించుకున్నాడు. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు గానీ, మెచ్చుకోలే అనుకున్నాడు.

బయటికొచ్చేసరికి పక్క షెడ్డాయన ఇంకా స్టూలు మీదే ఉన్నాడు.

"మేడమ్ గారూ, లోపల టీ ఏమైనా పెడుతున్నారా?"

"ఇవాళ పాలు విరిగిపోయాయండీ."

ఆ సాయంత్రమే దరఖాస్తు పడింది. పేటెంటు చేతికి రావడానికి ఏళ్లు పడుతుందని చెప్పినా తమ్ముడు దిగులుపడలేదు. దరఖాస్తు నంబరును లామినేషన్ చేయించి లేత్ మిషన్ పైన వేలాడదీశాడు. పక్కాయన్ని వాడే పిలిచి, ఆ నంబరు కింద కుర్చీ వేసి టీ పోశాడు.

ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి ఇంకో ఫ్లెక్సీకి నేనే ఒప్పుకున్నాను. దండ తీయించి, రోలర్లు స్పష్టంగా కనపడేలా ఫొటో తీసి బావమరిదికి పంపాను. మర్నాడు గేటు దగ్గర చూస్తే, "అంతర్జాతీయ మేడమ్ గారికి స్వాగతం" అని నిలువెత్తు నేను. పక్కన ఆయన. ఆధార్ ఫొటో తమ్ముడు ఎప్పటిలాగే మూలన ఉన్నాడు.

"మరి మిషన్ ఏదయ్యా?"

"మీ ఫొటో పెద్దది కదండీ వదినగారూ, చోటు చాలక తీసేశాం."