మధ్యమం మెట్టు

దెయ్యం పట్టిందని ఎవరైనా వస్తే, "రెండు తగిలించండి, అదే దిగుతుంది" అనేవాణ్ణి. అలాంటి నమ్మకాలు నాకు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను బందరులో, అందరూ సిలువ గుడి అని పిలిచే చర్చిలో హార్మోనియం వాయించేవాణ్ణి. నా పేరు దేవదానం. అవనిగడ్డ దాటాక ఒక పల్లెలో ఇంకో సిలువ గుడి ఉండేది, తాటాకు కప్పుది. అక్కడ వాయించే కూలిమనిషి పేరు కూడా దేవదానమే. నేను "మూడు మేకులు" అని ఒక పాట కట్టాను. అతను "మూడో మేకు" అని కట్టాడు. నా ఖర్మ కాకపోతే ఇన్ని కలవాలా!

గుడ్ ఫ్రైడేకి పాటల పుస్తకం వేస్తున్నారంటే ఇద్దరం పంపాం. అచ్చయింది అతని పాట. కింద "దేవదానం, సిలువ గుడి" అని మాత్రమే ఉంది. బందరంతా అది నాదే అనుకుంది. బజార్లో ఆపి మరీ మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. పదేళ్లుగా వాయిస్తున్నా అంతకు ముందు ఒక్కడూ బాగుందన్న పాపాన పోలేదు.

ఒక ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు అతనే వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"అన్నగారూ, అది నా పాటండీ. మా ఆవిడ పోయినప్పుడు కట్టుకున్నాను. అయ్యగారితో ఒక్క మాట చెప్పండి, చాలు."

పాస్టరుగారు విని, "ఆరాధన అయ్యాక వాయించవయ్యా, విందాం" అన్నారు.

మా గుళ్లో ఆరాధన అయ్యాక అందరూ వరసగా వెళ్లి గుమ్మం దగ్గర అయ్యగారికి చెయ్యి కలుపుతారు. అతనూ వెళ్లి ఆ వరసలో నిలబడ్డాడు. ఆ కాసేపట్లో నేను మా గుడి హార్మోనియం మూత ఎత్తి, నా పాట రాసుకున్న కాగితం మూల చింపి, మధ్యమం మెట్టు, అంటే 'మ' పలికే మీట, దాని రీడు కింద దోపాను. కాగితం అడ్డుపడితే రీడు పలకదు. అతని పల్లవి నిలబడేది సరిగ్గా ఆ స్వరం మీదే.

అతను వాయించాడు. అక్కడికొచ్చేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. జనం నవ్వారు.

"కట్టినవాడికి మెట్టు తెలీదా?" అన్నాను నేను.

అతను తన వేళ్లకేసి చూసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను రీడు కింది కాగితం ముక్క తీసి, ఇంటికెళ్లి పొయ్యిలో పడేశాను. బూడిదయ్యేదాకా అక్కడే నిలబడి చూశాను. పుస్తకం రెండోసారి అచ్చు వేసినప్పుడు పేరు పక్కన "బందరు" అని చేర్పించింది కూడా నేనే.

నాలుగు నెలలకి అతను జ్వరంతో పోయాడని తెలిసింది. జ్ఞాపకార్థ కూడికలో వాయించడానికి రమ్మని అతని కూతురు కార్డు రాసింది. వెళ్లకపోతే జనం ఏమనుకుంటారోనని వెళ్లాను.

పట్టపగలు, గుడి నిండా మనుషులు. ఆ పిల్ల వాళ్ల నాన్న హార్మోనియం తెచ్చి నా ముందు పెట్టింది.

"మధ్యమం మెట్టు పలకదండీ, బాబాయిగారూ. నాన్న బందరు నుంచి వచ్చిన రోజు నుంచీ అంతే. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నా లోపల ఏమీ కనపళ్లేదండీ. 'నా చేతుల్లోనే స్వరం పోయింది' అనుకుని నాన్న దాన్ని మళ్లీ ముట్టుకోలేదు."

నేను మూత విప్పాను. మధ్యమం రీడు కింద ఒక కాగితం ముక్క ఉంది. ఆకుపచ్చ సిరా. హెడ్మాస్టరుని కాకపోయినా దర్జాకి నేను ఆ సిరాయే వాడేవాణ్ణి. దాని మీద నా చేత్తో రాసిన "మూడు" అన్న మాట, నేను చింపిన అంచు.

"ఏంటండీ అది?" అందా పిల్ల.

"ఏం లేదమ్మా, చెత్త" అని జేబులో వేసుకున్నాను.

తర్వాత ఆ పాట వాయించాను. మెట్టు బ్రహ్మాండంగా పలికింది. "అచ్చం మా నాన్న వాయించినట్టే ఉందండీ" అని ఆ పిల్ల నా కాళ్లకి దణ్ణం పెట్టింది. అప్పుడైనా నోరు తెరవలేదు నేను, సిగ్గులేని వెధవని!

నా కళ్లముందు కాలిపోయిన కాగితం అక్కడికి ఎలా వెళ్లిందో ఎంత ఆలోచించినా నాకు తెలీదు. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. పాట కింద నా పేరూ ఉంది. ఆ పేరు అక్కడికి ఎలా వెళ్లిందో మాత్రం నాకు తెలుసు.