బ్రాకెట్లో రాసిన పేరు

నేను విలేకరిగా ఉన్న రోజుల్లో మా పత్రికకు ఒక నియమం ఉండేది. తన పేరు బయటపెట్టవద్దని ఎవరైనా కోరితే అచ్చులో వేసేవారు కాదు. అయితే అలాంటి మనిషి నిజంగా ఉన్నాడని డెస్కు నమ్మాలి కదా. అందుకని ఆ పేరూ ఊరూ బ్రాకెట్లో రాసి, పక్కన 'వేయరాదు' అని రాసి పంపాలి. ఆ నియమం నేనెప్పుడూ తప్పలేదు. నా తప్పు వేరే చోట ఉంది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. వార్తలు చేత్తో రాసి, కవరులో పెట్టి, ఉరవకొండ వైపు నుంచి అనంతపురం పోయే బస్సు డ్రైవరుకు ఇచ్చేవాళ్లం. కవరు దారిలో పోతే మళ్లీ రాయాల్సి వస్తుందని కింద కార్బన్ పెట్టుకునేవాణ్ణి. బస్టాండు ఎదుట హోటల్లో మూల బల్లే నా ఆఫీసు.

మా మండలానికి ఒక నిఘా కానిస్టేబుల్ ఉండేవాడు. ఎప్పుడూ మఫ్టీలోనే తిరిగినా ఆయనెవరో ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడమే మర్యాద. మండలంలో ఏం జరిగిందో రోజూ పైవాళ్లకు రాసి పంపాలి. మోకాళ్ల నొప్పులు, ఊళ్లు తిరగలేడు. అందుకని నా బల్ల దగ్గరికి వచ్చేవాడు.

"ఏమప్పా, ఈ పొద్దు లోకం ఎట్లుండాది?"

"మీరు చెప్పాల గదన్నా. లోకాన్ని కాసేది మీరు."

"మేం కాస్తాం, మీరు రాస్తారు. ఆ కార్బను ఇట్లియ్యి, సూసిస్తా."

మొదట్లో నిజంగానే చూసి ఇచ్చేవాడు. కొన్నాళ్లకు మడిచి జేబులో పెట్టుకుపోవడం మొదలైంది. బదులుగా ఏ అధికారి బదిలీ అవుతాడో, ఏ మంత్రి వస్తాడో అందరికన్నా ముందు నాకు చెప్పేవాడు. మా పత్రిక జిల్లా సమావేశాల్లో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు. ఉగాదికి ఆయన్ను మా ఇంటికి భోజనానికి పిలిచాను. ఆయన వెళ్లాక మా నాయన, "ఆయప్ప మాట్లాడేదానికంటే వినేది జాస్తి" అన్నాడు. నేను నవ్వేశాను.

ఒక ఏడు జూన్‌లో, సబ్సిడీ చెనిక్కాయ, అంటే వేరుశనగ విత్తనాల కోసం లైన్లో నిలబడ్డ రైతులను పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. మూడెకరాల మెట్ట ఉన్న ఒక రైతు నాకు చేతి మీద వాతలు చూపించి, ఎవరు కొట్టారో, ఎట్లా కొట్టారో అంతా చెప్పాడు.

"నా పేరు మాత్రం రాయొద్దన్నా. తెలిస్తే నన్ను బతకనీరు."

"పేపర్లో రాదులేప్పా" అన్నాను.

పేపర్లో రాలేదు. 'పేరు చెప్పడానికి ఇష్టపడని రైతు' అనే వచ్చింది. కార్బన్ కాపీలో మాత్రం బ్రాకెట్ ఉంది. ఎప్పటిలాగే ఆ కాగితమూ ఆయన జేబులోకి పోయింది. ఇచ్చేటప్పుడు ఆ సంగతి గుర్తు రాలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ బ్రాకెట్ మీద వేలు పెట్టి మూశాను. ఆయన చెయ్యి చాచే ఉంచాడు. మొహమాటపడి వేలు తీసేశాను.

వార్త వచ్చిన రెండో రోజు ఆ రైతును స్టేషనుకు పట్టుకుపోయారు. నక్సలైట్లకు అన్నం పెడుతున్నాడని అనుమానమట. అదే సాయంత్రం వాన పడింది. మా నేలల్లో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు, ఆలోపలే విత్తాలి. నాలుగు రోజుల తర్వాత అతన్ని వదిలేసేసరికి నేల గట్టిపడింది. ఆ ఏడు మళ్లీ విత్తే వాన రాలేదు.

"అన్నా, ఆయప్పను ఎందుకు పట్టుకపోయినారు?" అని కానిస్టేబుల్‌ను అడిగాను.

"నాకేం తెలుసప్పా? రాసేదాంకనే నా పని. టీ సల్లారిపోతాంది, తాగు."

తాగాను.

తర్వాత ఆ రైతు నా దగ్గరికి వచ్చాడు. అతనికీ బావమరిదికీ చెరొక ఎద్దు ఉండేది. రెంటినీ ఒక కాడికి కట్టి ఇద్దరి చేలూ దున్నుకునేవారు.

"నీతో మాట్లాడినానని నా బామ్మర్దికి ఒక్కనికే తెలుసు. వాడే చెప్పింటాడు గదన్నా?"

"ఎవర్ని నమ్మేదో తెలీని కాలమప్పా" అన్నాను.

అది జవాబు కాదని నాకు తెలుసు. అతను జవాబుగానే తీసుకున్నాడు. తన ఎద్దును విడదీసుకుపోయాడు. ఒంటెద్దుతో సేద్యం సాగక ఇద్దరూ అమ్ముకున్నారు. అతని భార్య పుట్టింటి గడప తొక్కడం మానేసింది. నిజం తెలిసిన నేను, వార్తల కోసం వాళ్ల ఊరి మీదుగా పోయి వస్తూనే ఉన్నాను.

ఆరేళ్లు గడిచాయి. కానిస్టేబుల్ రిటైరై వెళ్లిపోయాడు, నేనూ పని మానేశాను. ఒక ఉదయం ఆ రైతు ఇంటికి పోయి అంతా చెప్పాను. వేలు తీసిన సంగతితో సహా. అతను కాయలు ఒలుస్తూనే విన్నాడు.

"నాకెందుకు చెప్తాండావు? నాకు పోయింది ఒక పైరు. వానికి మానం పోయె. పద, వానికి చెప్పు."

అతనే ముందు నడిచాడు. బావమరిది ఇంటి ముంగిట నిలబడి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. బావమరిది నావైపు చూడలేదు.

"ఆరేండ్లు నన్ను దొంగను జేస్తివి గదా బావా. ఒక్కమాట, నన్ను అడిగింటే?"

"అడిగేదానికి భయమాయెరా. అవునంటావేమోనని."

ఇంట్లోంచి మంచం తెచ్చి వేశారు. రైతు కూర్చున్నాడు. నేను క్షమించమని నోరు తెరవబోయాను.

"నువ్వింక పో అన్నా" అన్నాడు రైతు. గొంతులో కోపం లేదు. "మేం మాట్లాడుకోవాల."

కంచె దాటి వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరూ ఇంకా మాట మొదలుపెట్టలేదు. మాట నాకు వినపడనంత దూరం నేను పోవాలని ఆగి, నన్నే చూస్తున్నారు.