టోపీ కింద నూనె

ఆ రోజు షిఫ్టు అయ్యాక టోపీ తీసి గౌను విప్పుతుంటే భుజాల మీద తెల్లటి పొడి కనిపించింది. మాత్రల పొడి అనుకుని దులిపాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ రోజు మా లైనులో నడిచినవి క్యాప్సూళ్లు. పొడి రాలే అవకాశం లేదు. అంటే అది నా తలలోంచి వచ్చింది.

మాది తూంకుంట. శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తాను. పదో తరగతి దాటలేదు కానీ, లైను మీదికి ఎక్కిన మాత్రలకూ నిండిన డబ్బాలకూ లెక్క కుదరకపోతే నన్నే పిలుస్తారు. మందు ఇంకా సీలు పడకుండా విడిగా ఉండే లోపలి గదిలో నా పని. చర్మానికి ఏ జబ్బు ఉన్నా అక్కడికి రానివ్వరు. నాలాంటి కాంట్రాక్టు వాళ్లను ఒకసారి బయటికి పంపితే మళ్లీ పిలుస్తారన్న నమ్మకం లేదు.

నా పక్కన పనిచేసే షబానా ఆ పొడి చూసి నవ్వింది. "ఏందక్కా, నెత్తికి సున్నమేసినవా?"

"సప్పుడు జేయకు," అన్నాను.

నా లెక్క నేను వేసుకున్నాను. ఎండిన పొట్టు రాలుతుంది, తడిసింది అంటుకుంటుంది. మరునాటి నుంచి కంపెనీ బస్సు ఎక్కేముందు మాడు నిండా కొబ్బరినూనె పట్టించి, జుట్టు బిగించి కట్టుకున్నాను. సాయంత్రం చూస్తే గౌను శుభ్రంగా ఉంది. సమస్య తీరిందనుకున్నాను.

వానాకాలం అయ్యేసరికి దురద ఓర్చుకోలేనంత పెరిగింది. లోపలి గదిలో తల గోక్కోవడానికి లేదు. మాడు మీద పసుపుపచ్చగా జిడ్డు పెచ్చులు కట్టాయి. దువ్వెనకు జుట్టు ఉండలుగా వచ్చేది. ఫోన్లో చూసి ఉల్లిపాయ నూనె తెప్పించి రాస్తే ఇంకా ఎక్కువైంది. స్కేలు పెట్టి చూసుకుంటే పాపిట ఒకచోట దాదాపు సెంటీమీటరు వెడల్పుంది. అప్పుడు మేడ్చల్‌లో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె భూతద్దం పెట్టి చూసి, "సెబోరిక్ డెర్మటైటిస్, అంటే ముదిరిన చుండ్రు. రోజూ నూనె పెడుతున్నారా?" అని అడిగారు.

"పొద్దున రాసుకొని టోపీ పెట్టుకుంటనమ్మా. సాయంత్రం దాకా."

"దీన్ని పెంచే ఫంగస్ అందరి తల మీదా ఉంటుంది. మీరు దానికి రోజూ అన్నం పెట్టి, దుప్పటి కప్పుతున్నారు."

రక్తపరీక్షల్లో థైరాయిడ్ నార్మల్, ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ తక్కువ. ఐరన్ మాత్రలు, వారానికి రెండుసార్లు ఫంగస్‌ను తగ్గించే కీటోకొనజోల్ షాంపూ రాశారు. "జుట్టుకు కాదు, మాడుకు పట్టించాలి. ఐదు నిమిషాలు ఉంచి కడగండి. నూనె పూర్తిగా బంద్. మొదట్లో పొట్టు రాలుతుంది, భయపడకండి."

నా భయమే అది. నూనె మానితే పొట్టు గౌను మీద పడుతుంది, పని పోతుంది. మానకపోతే జుట్టు పోతుంది. బస్సులో ఎంత లెక్కేసినా మూడో దారి రాలేదు. పైగా ఒక్క పెచ్చు మందులో పడినా, దాన్ని మింగేది ఏ రోగో.

మరునాడు గౌను వేసుకోకుండానే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. "సార్, నన్ను లోపలికి పంపకుండ్రి," అని స్కార్ఫ్ తీసి చూపించాను.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "గిన్ని రోజులు గిట్లనే పోయినవా?"

"నూనె రాసుకొని పోయిన సార్."

నన్ను సీలు వేసిన పెట్టెలు సర్దే గోదాముకు పంపాడు. "తక్కువైనంక డాక్టర్ కాయితం తే, సూద్దాం."

భోజనం దగ్గర షబానా తిట్టింది. "నీ నోటితోని నువ్వే చెప్పుకుంటివా? పాగల్ అయినవా అక్కా?"

రెండు నెలలకు పెచ్చులు పోయాయి. తగ్గింది కదా అని షాంపూ మానేశాను. చలికాలంలో మళ్లీ మొదలైంది. "ఇది బీపీ లాంటిదమ్మా. పోయేది కాదు, అదుపులో పెట్టుకునేది," అన్నారు డాక్టరమ్మ. అప్పటి నుంచి వారానికోసారి మానకుండా వాడుతున్నాను.

ఇప్పుడు మాడు శుభ్రంగా ఉంది. పాపిట దగ్గర పొట్టి వెంట్రుకలు వచ్చాయి కానీ పాత ఒత్తు రాలేదు. డాక్టర్ కాయితం ఇచ్చాను. అప్పటికే లోపల నా చోట్లో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. నేను గోదాములోనే ఉన్నాను. పని ఉంది.

ఒక్కటి చెప్పగలను. చుండ్రు రాలుతుంటే నూనెతో అణచకండి. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు తలకు ఏమీ రాయకండి, పొట్టు దులుపుకోకండి. ఎలా ఉందో అలాగే చూడనివ్వండి.