పైచెలక ద్రాక్ష

ఆ రోజు పొద్దున హద్దురాయి మీది స్టీలు గ్లాసులో మూడు వేళ్ల ఎత్తున వాననీళ్లు అలాగే ఉన్నాయి. వాన పడిన మర్నాడు తెల్లవారగానే ఆ గ్లాసులో వేలు ముంచి, లోతు చూసుకొని, నీళ్లు ఒంపేసి మళ్లీ అక్కడే నిలబెట్టడం పక్క తోట తాత అలవాటు. ఎనిమిదవుతున్నా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నేను వనపర్తి బస్సుకు బయలుదేరుతూ ఆగి చూశాను. ఇంతలో ఆయన కొడుకు చెప్పుల్లేకుండా గట్టు మీద నడిచి వచ్చాడు.

"అబ్బ పోయిండమ్మా. పొద్దుగాల నమాజుకు లేపితే లేవలే."

చుట్టుపక్కల అందరికీ ఆయన అంగూర్ తాత. నాకు ఉత్త తాత. బీచుపల్లి దాటాక, కృష్ణ ఒడ్డుకు కాస్త ఎగువన, మా చేనూ ఆయన తోటా పక్కపక్కనే ఉంటాయి. మా వైపు ఎక్కువమంది విత్తన పత్తి వేస్తారు. ఆయన మాత్రం వైన్ ద్రాక్ష పెట్టారు. పండు కర్ణాటక సరిహద్దు అవతల ఒక చిన్న వైన్ కేంద్రానికి వెళ్లేది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. వైన్ ఎన్నడూ ముట్టలేదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నేను పండు పండిస్త. తర్వాత ఏమైతదో గది పండు ఇష్టం" అనేవారు.

ఆయన భూమి రెండు ముక్కలు. కింద నల్లరేగడి. పైన ఎర్రచెలక. చెలకలో అంతా గరుసు, రెండడుగులు తవ్వితే తెల్ల సుద్ద తగిలేది. రెండింటిలోనూ ఒకే రకం తీగ, ఒకే రోజు కత్తిరింపు. అయినా రేగడిలో గుత్తులు బరువుగా వేలాడేవి. చెలకలో కాయ బఠానీ గింజంతే ఉండేది, తోలు మందం. "రేగడి తీగ కడుపునిండ తాగి పండుకుంటది. చెలక తీగ నీళ్లు దేవులాడుకుంట లోపటికి పోతది. దాని సంగతి దానికే తెల్వాలె" అనేవారు.

మందులు వాడేవారు కాదు. పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపిన నీలిరంగు డ్రమ్ము ఒకటి వేపచెట్టు కింద ఉండేది. కత్తిరింపు తర్వాత లేత చిగుళ్ల మీద వాన పడితే బూజు పడుతుందని పుల్లమజ్జిగ చల్లేవారు. గడ్డి పీకించకుండా, కోయించి తీగల మొదళ్లలో పరిచేవారు. మా నాన్న పత్తికి మందు కొట్టే రోజుల్లో ముందుగా వచ్చి, గాలి ఎటు వీస్తుందో చూసి, "ఇయ్యాల వద్దు పటేలా, నా దిక్కు కొడ్తది" అనేవారు. నాన్న విసుక్కునేవాడు, కానీ ఆగేవాడు. శివరాత్రి దగ్గరపడ్డాక కోతలు. పండు తీపెక్కిందా అని చూసేవారు కాదు. గింజ నమిలి చూసేవారు. అది పంటికింద కరకరలాడితేనే గంపలు తెమ్మనేవారు. ఎండలు ముందే ముదిరిన ఏడు కోత పది రోజులు ముందుకు జరిగేది. పొద్దెక్కకముందే ముగిసేది.

పైచెలకను పీకేద్దామని కొడుకు ఏళ్లుగా అడుగుతున్నాడు. చెడ్డవాడు కాదు. నడుము విరిగే పని అంతా అతనిదే.

"సగం బరువు, రెండింతల పని. విత్తన పత్తి పెడదాం అబ్బా."

"రెండు నేలలకు రెండు రుచులున్నయా లేవా, గది తెలిసినంక పీకుదువు."

అందుకే ఒక ఏడు రెండు ముక్కల పండునూ విడివిడిగా వైన్ చేయమని ఆయన కోరారు. రెండు సీసాలు వచ్చాయి. వాటి మీద అంకెలు తప్ప ఏమీ లేవు. ఏది ఏ నేలదో అప్పుడే చెప్పొద్దని ఆయనే అన్నారట. ఆ సీసాలు, రెండు టీ గ్లాసులు పట్టుకొని మా వాకిట్లోకి వచ్చారు.

"మా ఇంట్ల ఎవరు ముట్టరు. బేటీని జర రుచి చూసి చెప్పమను" అన్నారు అమ్మతో.

"ఆడపిల్లకు గిదేం పని పెద్దాయనా? వాళ్ల నాయినకు పోస్తే సంబురంగ చెప్తడు."

"ఆయనకు అన్ని మంచిగనే ఉంటయి. తాగుమంటలేనమ్మా. నాలుకకు అంటించి ఉమ్మేయమంటున్న."

అమ్మ నవ్వు ఆపుకుంటూ వీధి తలుపు దగ్గరగా వేసింది.

నేను కాన్వెంటు పిల్లను. మాట కావాలంటే పుస్తకంలోనే వెతుక్కుంటాను. ఎక్కడో చదివిన మాటలే అప్పజెప్పాను. పండిన పండ్ల పరిమళం, హాయైన పులుపు అని.

"గది పుస్తకం మాట. నీ నోటికి ఏమనిపించింది, గది చెప్పు."

మళ్లీ చూశాను. మొదటిది మెత్తగా, తియ్యటి వాసనతో వెళ్లిపోయింది. రెండోది నాలుకను పట్టుకుంది.

"బలపం కొరికినట్టుంది తాతా."

అని సిగ్గుపడ్డాను. "చిన్నప్పుడు డబ్బాలకు డబ్బాలు తిన్నది. దానికి అన్నిట్ల బలపమే" అంది అమ్మ. తాత మాత్రం నవ్వలేదు.

"గుంతలు తీసేటప్పుడు సుద్ద దుమ్ము పెదవుల మీద పడేది. రెండోది పైచెలకది."

అక్కడి నుంచే వైన్ కేంద్రానికి ఫోన్ చేసి అడిగారు. నిజమే. ఆ ఏడు పైచెలక నిలిచింది.

మరుసటి ఏడు వైన్ కేంద్రం యజమాని ఇద్దరు మనుషులతో తోటకే వచ్చాడు. వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. నన్ను పిలిపించారు. "బలపం అన్నది మీరేనా? చెప్పండి, రెండూ వేరుగానే చేయాలా, కలిపేయొచ్చా?" అని యజమాని గ్లాసులు అందించాడు. తాత నా ముఖమే చూస్తున్నారు. అందరూ చూస్తున్నారు. బలపం ఆ గ్లాసులోనూ ఉంది, స్పష్టంగా.

"రెండూ బాగున్నాయండీ" అన్నాను. గ్లాసు తిరిగి ఇచ్చేశాను.

కలిపేశారు. తేడా లేనప్పుడు ఎందుకని ఆ ఎండాకాలం కొడుకు పైచెలకలో తీగలు పీకించాడు. తాత బతిమాలుకొని నాలుగు వరుసలు మిగుల్చుకున్నారు.

తప్పు ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. వెళ్లేసరికి ఆయన పురికొసతో తీగలు కడుతున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. కొస ముడివేసి, తుంచి అన్నారు:

"పరేషాన్ కాకు బేటా. చెలకల తీగ గూడ మూడేండ్లు ఏం మాట్లాడది. దానికి నేను నీళ్లు ఆపిన్నా?"

ఆ తర్వాత కూడా ప్రతి ఏడూ పైచెలక గుత్తి ఒకటి మా ఇంటికి వచ్చేది. ఎలా ఉందని ఆయన ఎన్నడూ అడగలేదు.

ఖననమైన మూడో రోజు కొడుకు నన్ను హద్దురాయి దగ్గరికి పిలిచాడు. నాలుగు వరుసల వైపు చూపించాడు.

"నువ్వే చెప్పమ్మా. ఉంచాల్నా, తీసేయాల్నా? నాకు ఆ రుచి తెల్వదు."

"ఉంచు భాయ్. వేరుగనే చేయించు. ఆ రోజు నేను సిగ్గుపడి అబద్ధం చెప్పిన. తేడా ఉన్నది. శాన ఉన్నది."

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.  అతను వరుసల్లోకి వెళ్లి, వాలిన ఒక తీగను లేపి ఇనుప కంబికి ఆనించాడు. తిరిగి వచ్చి జేబులో చేయి పెట్టాడు.

"అబ్బ అంగీ జేబుల కత్తెర, గిది ఉండె. కత్తెర నేను పెట్టుకున్న. గిదేందో సమజైతలేదు. ఆయన బడి మొఖం చూసినోడు కాడు గద."

నా అరచేతిలో పెట్టాడు. వేలెడంత బలపం ముక్క. దాని కొసన పంటి గాట్లున్నాయి.