నాలుగు పెట్టెలు మార్చిన ఇంట్లో

నాలుగుసార్లు వచ్చి నాలుగు కొత్త ఇంటర్నెట్ పెట్టెలు బిగించి వెళ్ళినవాళ్ళలో ఒక్కడికైనా పక్కగదిలోకి తొంగి చూడాలని ఎందుకు తోచలేదు? ఆ ప్రశ్నకు జవాబు ఇవాళ్టికీ దొరకలేదు.

ఐదోసారి వచ్చినవాడు ఇంటర్నెట్ కంపెనీలో పాత లైన్‌మన్. ఫోను తీగలతోనే జుట్టు నెరిసిన మనిషి. సంచీలో ఎప్పుడూ ఓ చిన్న ట్రాన్సిస్టరు వేసుకు తిరుగుతాడని ఆఫీసులో 'రేడియో తాత' అని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు, ఆయనకేం?

తలుపు తీసిన ఆ ఇంటి కోడలి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో కూర్చునే ఓ బీమా కంపెనీ ఖాతాదారుల ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం ఆమెది. మాట మధ్యలో లైను పుటుక్కున తెగిపోతోంది.

"ఇవాళ కూడా తెగితే రేపట్నుంచి పనిలోకి రావద్దన్నారు బాబాయ్. పని తప్పించుకోడానికి నేనే కట్ చేస్తున్నానట! మీవాళ్ళేమో వచ్చిన ప్రతిసారీ పెట్టె మార్చడం, 'బాగైంది' అని రాసుకుపోవడం."

"డ్యూటీ ఎన్నింటికి తల్లీ?"

"ఇంకో గంటలో."

ఆయన ట్రాన్సిస్టరును ఏ స్టేషనూ పలకని చోట నిలిపి, చెవికి ఆనించుకుని గది గదీ తిరిగాడు. హాల్లో సన్నటి బుస. వంటింట్లోనూ అంతే. పక్కగది గుమ్మం తొక్కగానే కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చిటపటలు! లోపల అత్తగారు చొక్కా కుడుతోంది. మోటారు బిగించిన కుట్టుమిషను పెడలు మీంచి ఆమె కాలు తీస్తే రేడియో ఊరుకుంది. తొక్కితే మొత్తుకుంది.

"బాబాయ్, పెట్టె మీద దీపం ఆరిపోయింది!" హాల్లోంచి కోడలు కేకేసింది.

"అంటే నా మిషనా దీని ఉద్యోగం ఊడగొడుతోంది?" అత్తగారు కత్తెర కింద పెట్టింది.

"మిషన్ని అనకక్కా. మోటారులో కార్బన్లని బొగ్గు ముక్కలుంటాయి. అవి అరిగి రవ్వలు లేస్తున్నాయి. ఆ గోలంతా ఇంటర్నెట్ వచ్చే ఫోను తీగలోకి ఎక్కుతోంది."

"మరి మీవాళ్ళు నలుగురూ గుడ్లప్పగించి చూశారా? నేనిక్కడే కుడుతూ చచ్చాను గదా, ఒక్కడంటే ఒక్కడు అడగలేదే! దీనికి పని చేతకాదని నేను అనని మాట లేదు తమ్ముడూ." కోడలున్న వైపు చూడలేక ఆమె మిషను మీది బట్ట సర్దింది.

అంతలో ఆఫీసు నుంచి ఫోను. కుట్టుమిషను సంగతి ఆయన చెప్పగానే పైఅధికారి కస్సుమన్నాడు. "ఒక్కో ఇంటికి ఇరవై నిమిషాలని చెప్పానా లేదా? పెట్టె మార్చి, సంతకం పెట్టించుకుని రావయ్యా. కుట్టుమిషన్లు బాగుచేయడం మన పనా?"

"పెట్టెకేం రోగం సార్? నిక్షేపంలాంటివి నాలుగు పీకి పడేశారు! ఆ పిల్ల నోటి దగ్గర కూడు పోతుంటే ఇరవై నిమిషాలంటారేంటి? మీరే రండి. వచ్చి ఏం మారుస్తారో మార్చండి!"

ఫోను జేబులో కుక్కి, వీధి చివర మోటార్లు చుట్టే కొట్టుకు నడిచివెళ్ళి కార్బన్లు తెచ్చాడు. కోపంలో స్క్రూ రెండుసార్లు జారింది. బిగించాక కంపెనీ కాయితం తీశాడు. అందులో 'పెట్టె మార్చబడినది' అన్న గడి తప్ప వేరే గడి లేదు. దాన్ని అడ్డంగా కొట్టేసి, కాయితం నిండేలా రాశాడు: 'పెట్టె మంచిదే. చూసినవాడు లేడు.'

వేళయింది. కోడలు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుంది. "నమస్కారమండీ, చెప్పండి." పక్కగదిలో అత్తగారు మెల్లగా పెడలు తొక్కింది. దీపం ఆరలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. కోడలి గొంతు ఎక్కడా తెగకుండా సాగిపోతోంది. వెళ్ళబోతున్న ఆయన్ని ఉండమన్నట్టు కోడలు చెయ్యెత్తింది.

నోరు విప్పితే తన గొంతు ఆ పిల్ల ఫోను మాటల్లో వినబడుతుందని, ఆయన సంచీ భుజానికి తగిలించి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.