పెట్టెలు తెరవకుండా తాళం మార్చిన సంగీత

రుద్రూర్ దాటిన కాసేపటికే బస్సు వెనక చక్రం పంచరైంది. డ్రైవరు ముత్తెన్న దిగి టైరును కాలితో రెండు తన్నులు తన్నాడు, తంతే లేచే గొడ్డయినట్టు. దిగినవాళ్లంతా నీడ వెతుక్కుంటే ఒక్కామె మాత్రం సిగ్నల్ వెతుక్కుంది. ముప్పై ఏళ్లుంటాయి. కాలువ తూము మీద కూర్చుని, ఒడిలో లాప్‌టాప్ తెరిచి, ఫోను పక్కన పెట్టుకుని పనిలో పడింది. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన చేరి చూడటం నాకున్న పాత జబ్బు. వెళ్లి కూర్చున్నాను.

“తొంగి సూడకు తాతా. సూసినా నీకేం దొరకది,” అంది తలెత్తకుండా.

“ఏం చేస్తున్నావు బిడ్డా?”

“తాళం మారుస్తున్న.”

“దేనికి?”

“పదకొండొందల మంది ఆడోళ్ల మాటలకు.”

పేరు సంగీత. మహమ్మద్ నగర్ వైపు తండాలో భోజ్యా, జమునాబాయిల కూతురు. బాన్సువాడలో ఆడవాళ్ల గోడు వినే సలహా కేంద్రం ఒకటుంది; అక్కడ కంప్యూటర్ల పనంతా ఈమెదే. కొట్టే మొగుళ్ల గురించి, బయటికి చెప్పుకోలేని జబ్బుల గురించి, పొలాల్లో చెయ్యి పట్టుకునే మేస్త్రీల గురించి వచ్చినవాళ్లు చెప్పిందంతా ఎన్‌క్రిప్షన్ చేసి దాస్తారు. తాళంచెవి లేనివాడు ఆ ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు తప్ప ఏమీ కనపడవు. తాళంచెవి అంటే ఇనుపముక్క కాదు, పొడుగాటి అక్షరాల వరస. మరిచిపోతానేమోనని కేంద్రం అధ్యక్షుడు హరనాథబాబు దాన్ని ఆఫీసులో క్యాలెండరు కాగితం వెనక రాయించుకున్నారు. నెల మారింది. ఊడ్చే ఆమె పాత కాగితాలన్నీ పోగుచేసి మిర్చీబజ్జీల బండికి ఇచ్చేసింది.

“నాలుగు బజ్జీలు తిన్న తాతా. ఐదోది తీస్తే అడుగున మా సెంటర్ తాళంచెవి. నూనెల ఈతకొడ్తుంది.”

“కాగితం చించేయలేకపోయావా?”

“కాలవెట్టిన. కాని నాకంటె ముందు ఎవరు సదివిన్రో ఎట్ల తెలుస్తది? తాళమే మార్వాలె.”

“అంటే ఫైళ్లన్నీ తెరిచి, మళ్లీ కొత్త తాళం వేయాలన్నమాట.”

“మా సారు సుత అదే అంటడు. తెరిచిపెట్టిన గా అర్ధగంట ఎవడన్న సూస్తే?” విసుగ్గా చేతులు తిప్పింది. “ఒక్కొక్కామె మాట ఒక్కొక్క పెట్టె అనుకో. పెట్టెకో చిన్న చెవి. గా చిన్న చెవులన్నీ ఒక డబ్బాల పెట్టి, డబ్బాకు పెద్ద తాళం. ఇప్పుడు బయటవడ్డది పెద్ద చెవి. నేను చిన్న చెవులను కొత్త తాళమున్న డబ్బాలకు మారుస్తున్న. పెట్టెలు ముట్టనే ముట్ట.”

చిన్నప్పుడు రైలు స్టేషన్లో టపా సంచులు మార్చడం చూసేవాణ్ని. సంచి చిరిగితే గుమాస్తా ఉత్తరాలన్నీ కొత్త సంచిలోకి వంపి, మూతి బిగించి, లక్క కరిగించి ముద్ర కొట్టేవాడు. ఒక్క కవరు చించేవాడు కాదు. ఆ లక్క వాసన కోసం నేను స్కూలు ఎగ్గొట్టిన రోజులున్నాయి. సరే, అదలా ఉంచుదాం.

“పాత డబ్బాకు ఎవడైనా ముందే నకలు తీసుకుపోయి ఉంటే?”

మొదటిసారి నా వైపు చూసింది. “మంచిగ అడిగినవ్. డబ్బాను ఎవరు ముట్టినా మిషన్ల పేరు పడ్తది. నాలుగు దినాలు గదే పని, లైన్ లైన్ సదివిన. మేము తప్ప ఎవ్వరు ముట్టలే. ముట్టి ఉంటే పెట్టెల తాళాలు సుత మార్వాల్సి ఉండె.”

కొత్త చెవిని కమిటీ అనుమతితో రెండు ముక్కలు చేశారట. ఒకటి సంగీత దగ్గర, ఒకటి సలహాలు చెప్పే రాజశ్రీ దగ్గర. రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది. పనిచేస్తుందో లేదో చూడటానికి లేని మనిషి పేరున ఒక ఫైలు ముందే పెట్టుకున్నారు. ఫోను మోగింది, అవతల రాజశ్రీ తన ముక్క వేసింది. ఫైలు తెరుచుకుంది. ‘నా పేరు గంగుబాయి. నా మొగడు పొద్దుగాల్లేచి బోళ్లు తోముతడు.’

“లేని మనిషని నమ్మాను,” అన్నాను. నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకుండానే ఫోను మళ్లీ మోగింది. హరనాథబాబు. స్పీకరు నొక్కి పని చేసుకుంటూనే మాట్లాడింది.

“అమ్మాయ్, ఎంతవరకొచ్చింది?”

“అయిపోయింది సార్. పాత చెవి చెరిపేసుడే ఉన్నది.”

“ఆగాగు, చెరిపెయ్యకు. పాత చెవైతే నువ్వొక్కదానివే తెరవగలవు. మా పొలంలో పనిచేసే ఒకావిడ మా మేస్త్రీ మీద ఏదో చెప్పిందట. ఆవిడెవరో ఒక్కసారి తెరిచి చూసి చెప్పు. మేం మేం సర్దుకుంటాంగా.”

“ఎవరో నాకు సుత తెల్వది సార్. ఆమె ఒప్పుకోకుంటె తెరవొద్దని రూల్. కింద సంతకం మీదే.”

“నా సంతకం నాకే చూపిస్తావా? ఆ కేంద్రం పెట్టింది నేనమ్మాయ్!”

“మీరు పెట్టిన్రనే నమ్మి వచ్చిన్రు సార్ గా ఆడోళ్లు.”

అవతల పంపుసెట్టు చప్పుడును మించి గొంతు పెంచారు. “సరే. మీ బస్సు ఆగింది ఇక్కడికి కనపడుతోంది. ముందున్న వంతెన దగ్గరే ఉన్నా, మా చేలో. దేన్నీ చెరపకుండా ఆ లాప్‌టాప్ పట్టుకుని నడిచి రా. లేదంటే రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు.”

ఫోను పెట్టేశారు. తెర మీద ఒక ప్రశ్న నిలబడి ఉంది: చెరిపితే ఇక తిరిగి రాదు, చెరపమంటారా? సంగీత వేలు గాల్లో ఆగింది.

“నాకు పదేండ్లున్నప్పుడు మా యాడిని, అంటే అమ్మను, దవాఖానకు తోల్కపోయిన. చీటీలు రాసేటోడు గట్టిగ ఒర్రిండు, ‘టీబీ జమునాబాయి ఎవరు?’ అని. లైన్ల ఉన్నోళ్లంత తిరిగి సూసిన్రు. మేము తండాకు చేరకముందే ఖబర్ చేరింది. గా యేడు మా ఇంట్ల నీళ్లు ఎవ్వరు తాగలే. ఆర్నెల్లల్ల జబ్బు పోయింది. పేరు పోలే. ఇప్పటికీ టీబీ జమున అంటరు.”

“ఉద్యోగం పోతుందేమో, ఆలోచించుకో బిడ్డా.”

“పోతే నాది పోతది. గామెకేం గాదు గద.”

నొక్కింది. తెర ఒక క్షణం ఖాళీ అయింది. పాత చెవి పేరు జాబితాలోంచి పోయింది. పదకొండొందల పెట్టెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టి, చున్నీ నడుముకు బిగించింది.

ముత్తెన్న అప్పటికి స్టెప్నీ బిగించి హారన్ కొట్టాడు. “ఓ అక్కా, ఎక్కు! బాన్సువాడ దాక టికెట్ తీసుకున్నవ్ గద!”

ఆమె వినిపించుకోలేదు. గట్టు వెంట ఎండలో వంతెన వైపు నడక సాగించింది. వంతెన మీద తెల్ల జీపు ఆగి ఉంది. పక్కనే గొడుగు పట్టుకుని ఒక పొడుగాటి మనిషి. సంగీత సంచిని వెనక్కి దాచలేదు, ముందు వేసుకుంది. అక్కడ చెప్పాల్సినవి చాలా ఉన్నట్టు పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోయింది.